శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య: లేఖనాల్లో క్రీస్తు సమాధి

కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో క్రైస్తవ విశ్వాసం మొత్తం ఒక్క వాక్యంలోకి వచ్చేస్తుంది: "లేఖనముల ప్రకారము క్రీస్తు మన పాపముల నిమిత్తము మృతిపొందెను, సమాధిచేయబడెను, లేఖనముల ప్రకారము మూడవదినమున లేపబడెను." ఈ పత్రిక క్రీ.శ. 54-55 ప్రాంతంలో రాసిందని పండితుల అంచనా. పౌలు ఇది తన సొంత బోధ అనడు. తనకు అందినదాన్నే వాళ్ళకు అప్పగించానంటాడు. యేసు సిలువ మరణం 30లోనో 33లోనో జరిగిందని చరిత్రకారులు లెక్క కడతారు కాబట్టి, నాలుగు సువార్తలు పుస్తక రూపంలోకి రాకముందే, చూసినవాళ్ళు ఇంకా బతికి ఉండగానే, ఈ మూడు మాటలు సంఘాల్లో నోటికి వచ్చిన పాఠంలా ఉండేవన్నమాట.

మూడింటిలో మొదటిదానికీ చివరిదానికీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంఘాల్లో లోటు లేదు. శ్రమల దినాలు నలభై రోజులూ ఉపవాస కూడికలు ఉంటాయి. శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద పలికిన ఏడు మాటలను ఒక్కొక్కరు ఒక్కో మాట చొప్పున ధ్యానిస్తారు. ఈస్టర్ నాడు తెల్లవారకముందే మందిరం నిండుతుంది. మధ్యలో వచ్చే శనివారానికి మాత్రం, కాథలిక్కుల రాత్రి జాగరణను పక్కన పెడితే, చాలా సంఘాల్లో ఏ కూడికా ఉండదు. ప్రసంగంలోనూ అంతే. "సమాధిచేయబడెను" అన్నదాన్ని ఒక్క ఊపిరిలో దాటేసి రాయి దొర్లిన చోటికి వెళ్ళిపోతారు. ఇది చిన్న లోపం కాదు. సమాధిని తీసేస్తే ముందున్న బలీ, తర్వాత వచ్చే పునరుత్థానమూ రెండూ పలచబడతాయి. పైగా ఈ రెండు జిల్లాల్లో సంఘం పెరిగింది ఒక ఏటి నీళ్ళలో జరిగిన సమాధి నుంచే.

ముందు బలి సంగతి. "లేఖనముల ప్రకారము" అన్న పౌలు అవి ఏ లేఖనాలో చెప్పలేదు. సంఘాలు మామూలుగా మూడింటిని చూపిస్తాయి: నిర్గమకాండం 12లోని పస్కా గొర్రెపిల్ల, లేవీయకాండం 16లోని ప్రాయశ్చిత్త దినం, యెషయా 53లోని శ్రమపడే సేవకుడు. ప్రసంగాల్లో ఈ మూడూ కలగలిసిపోతాయి గానీ, విడివిడిగా చదివితే వాటి పనులు వేరు. పస్కా గొర్రెపిల్ల పాపపరిహార బలి కాదు. ద్వారబంధాలకు దాని రక్తం పూసి, మాంసం కాల్చి, నడుం కట్టుకుని, చెప్పులు తొడుక్కునే తినమన్నారు. అది బానిసత్వం నుంచి బయల్దేరే రాత్రి భోజనం. ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలుంటాయి. ఒకదాన్ని వధించి దాని రక్తాన్ని అతిపరిశుద్ధ స్థలంలోకి తీసుకెళ్ళి చల్లుతారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు అహరోను చేతులుంచి, ఇశ్రాయేలీయుల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని ప్రాణంతోనే అరణ్యంలోకి పంపించేస్తాడు. పాపాలు మోసే మేకను వధించరు. వధించిన మేక మీద పాపాలు మోపరు. శుద్ధి చేయడం, మోసుకుపోవడం అనే ఈ రెండు పనులూ ఒక మనిషిలో కలిసేది యెషయా 53లో. అక్కడ సేవకుడు అనేకుల పాపాన్ని భరిస్తాడు, అతడి ప్రాణమే అపరాధపరిహారార్థ బలి అవుతుంది. తొలి సంఘం ఈ అధ్యాయాన్ని అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే. ఆ సేవకుడు ఇశ్రాయేలు జాతేనని చదివే యూదు వ్యాఖ్యాతలు చాలామంది ఉన్నారు. ఆ సందేహం బైబిల్లోనే ఉంది కూడా. ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా, మరొకరి గురించా అని అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు ఫిలిప్పును అడిగాడు.

బలి ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న వెంకటగిరిలో పోలేరమ్మ జాతర ఎంత పెద్దదో అందరికీ తెలుసు. పల్లెపల్లెకూ ఒక అమ్మవారు, మొక్కు తీర్చుకునే పొట్టేళ్ళు, కోళ్ళు ఉన్న నేల ఇది. సువార్త విన్న మొదటి తరం ఆ అనుభవంతోనే సిలువను అర్థం చేసుకుంది. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఒక తేడా గమనించాలి. మొక్కుబడిలో ఇచ్చేది మనిషి, పుచ్చుకునేది దేవత. లేవీయకాండం 17:11లో ఇది తిరగబడుతుంది. రక్తంలో ప్రాణం ఉంది, మీకు ప్రాయశ్చిత్తం కలగడానికి బలిపీఠం కోసం దాన్ని మీకు ఇచ్చింది నేనే అని దేవుడంటాడు. రోమా 3:25లో పౌలు చెప్పేదీ అదే వరస: క్రీస్తును ప్రాయశ్చిత్తంగా ముందుకు తెచ్చింది దేవుడే. కోపంతో ఊగిపోతున్న తండ్రి, మధ్యలో దెబ్బలు తిన్న కొడుకు అన్నట్టు సువార్త సభల్లో అప్పుడప్పుడూ వినిపించే వర్ణనకు ఈ వచనాల్లో చోటు లేదు. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకుంటున్నాడని 2 కొరింథీ 5:19 చెబుతోంది.

ఆ మరణం పాపాన్ని ఎలా తీసేస్తుందన్న దాని మీద సంఘ చరిత్రలో ఎప్పుడూ ఒకే జవాబు లేదు. శత్రువు చేతిలో బందీలైనవాళ్ళకు చెల్లించిన విమోచన క్రయధనం అన్నారు తొలి శతాబ్దాల వాళ్ళు. 1098లో కాంటర్బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ దేవుని గౌరవానికి చెల్లించాల్సిన బాకీ తీరిందన్నాడు. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ మన శిక్షను క్రీస్తు అనుభవించాడన్నాడు. 1931లో స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్, చావు మీదా పాపం మీదా క్రీస్తు గెలుపే తొలినాటి బోధ అని మళ్ళీ గుర్తుచేశాడు. ఇక్కడి బాప్టిస్టు, పెంతెకొస్తు ప్రసంగాల్లో కాల్విన్ మాటే ఎక్కువ వినపడుతుంది.

హెబ్రీ పత్రిక మీద మాత్రం కాస్త ఆగాలి. పదో అధ్యాయంలో యాజకుడు ప్రతిరోజూ నిలబడి అవే బలులు మళ్ళీ మళ్ళీ అర్పిస్తూ ఉంటాడు, క్రీస్తు మాత్రం ఒక్కసారే అర్పించి దేవుని కుడిపక్కన కూర్చున్నాడు. యాజకులు సేవ చేసిన ఆరాధన గుడారం సామాన్లలో కుర్చీ ఎక్కడా లేదు. నిలబడినవాడి పని మిగిలే ఉంది, కూర్చున్నవాడి పని అయిపోయింది. ఆ తర్వాత పదమూడో అధ్యాయం ఇంకో సంగతి ఎత్తుకుంటుంది. ప్రాయశ్చిత్త దినపు పశువుల కళేబరాలను పాళెం, అంటే ఇశ్రాయేలీయుల విడిది, బయట కాల్చేసేవాళ్ళు. అలాగే యేసు కూడా ఊరి గవిని బయట శ్రమపడ్డాడు, కాబట్టి ఆయన నిందను మోస్తూ మనమూ పాళెం బయటికి, ఆయన దగ్గరికి వెళ్దాం అంటుంది. ఊరు ఒకచోట, మాలపల్లె, మాదిగపల్లె మరోచోట ఉన్న జిల్లాల్లో ఈ వచనం ఎలా వినపడి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఊరి బయటే పుట్టి, ఊరి బయటే పూడ్చబడే మనుషులకు, దేవుని కుమారుడు కూడా ఊరి బయటే చనిపోయాడని, ఊరి బయటే సమాధి అయ్యాడని తెలియడం చిన్న విషయం కాదు. యోహాను 19 ప్రకారం సిలువ వేసిన చోటే తోట ఉంది, ఆ తోటలోనే సమాధి ఉంది.

ఇక అసలు సమాధి. సిలువ వేసిన శవాన్ని రోమన్లు మామూలుగా కిందికి దించేవాళ్ళు కాదు. చూసేవాళ్ళకు భయం పుట్టాలని అలాగే వదిలేసేవాళ్ళు. యేసు శవానికీ సమాధి దక్కి ఉండదని కొందరు చరిత్రకారులు వాదించింది దీన్ని బట్టే. అయితే యూదయ దేశం సంగతి వేరు. మ్రానున వేలాడదీసిన శవాన్ని రాత్రంతా ఉంచకూడదు, ఆ రోజే పాతిపెట్టాలి అని ద్వితీయోపదేశకాండం 21:22-23 ఆజ్ఞ. సిలువ వేసినవాళ్ళను కూడా యూదులు పొద్దుగూకేలోపు దించి పాతిపెట్టేవాళ్ళని మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. 1968లో యెరూషలేము ఉత్తరాన గివాత్ హమివ్తార్ దగ్గర ఒక రాతి ఎముకల పెట్టె బయటపడింది. యెహోహానాన్ అనే పేరున్న ఆ పెట్టెలో మడమ ఎముకకు ఇనుప మేకు దిగి ఉంది. సిలువ వేసిన మనిషికి కూడా కుటుంబ సమాధిలో చోటు దొరికిందని ఈ ఒక్క ఎముక చెబుతోంది. యేసు సమాధికి అదే రుజువు కాదు గానీ, జరగడానికి వీల్లేదన్న వాదన మాత్రం దాంతో పోయింది.

సువార్తల్లో సమాధి వర్ణన నిదానంగా, చేతి పనులతో నిండి ఉంటుంది. అరిమతయియ యోసేపు తెగించి పిలాతు దగ్గరికి వెళ్ళి శవాన్ని అడుగుతాడు. అంత త్వరగా చనిపోయాడా అని పిలాతు ఆశ్చర్యపడి శతాధిపతిని పిలిపించి కనుక్కుంటాడు. నార బట్ట కొనడం, చుట్టడం, తొలిచిన రాతిలో పెట్టడం, రాయి దొర్లించడం ఒక్కొక్కటీ మార్కు 15లో వరసగా ఉంది. మగ్దలేనే మరియ, ఇంకో మరియ ఆయన్ను ఎక్కడ పెట్టారో చూశారని చివర్లో ఉన్న మాట చాలా ముఖ్యం. ఆదివారం తెల్లవారుజామున వాళ్ళు వెళ్ళింది తమ కళ్ళతో చూసిన చోటికే. ఊపిరి ఆగిందని రోమా అధికారి ధ్రువీకరించాడు, ఒక పెద్దమనిషి తన సమాధి ఇచ్చాడు, ఆడవాళ్ళు చోటు గుర్తుపెట్టుకున్నారు. ఇంత జాగ్రత్త దేనికి? చావు నిజమైన చావేనని చెప్పడానికి. చనిపోయినట్టు కనిపించడం, దేహం లేని దేవుడు మనిషి వేషం వేయడం లాంటి వాదనలు రెండో శతాబ్దానికే వచ్చాయి. వాటన్నిటినీ అడ్డుకున్నది సమాధే. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో సిలువ వేయబడి, చనిపోయి అన్నాక ఆగకుండా పాతిపెట్టబడి అని కూడా చెప్పించడానికి కారణం ఇది.

యెషయా 53:9లో ఆ సేవకుడికి దుష్టులతో సమాధి నియమించారని, ధనవంతుడి దగ్గర ఉంచారని ఉంది. మత్తయి యోసేపును ధనవంతుడని ప్రత్యేకంగా చెప్పడం ఈ వచనం మనసులో ఉండే కావచ్చు. ఇక కీర్తన 16 నీ పరిశుద్ధుణ్ణి కుళ్ళు పట్టనివ్వవు అంటుంది. పెంతెకొస్తు దినాన పేతురు ఎత్తుకున్నది ఈ కీర్తననే. దావీదు చనిపోయి సమాధి అయ్యాడు, అతడి సమాధి ఈ రోజు దాకా మన మధ్యే ఉంది, కాబట్టి అతడు తన గురించి చెప్పుకోలేదు అన్నది పేతురు వాదన. రెండు సమాధులను పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో మనిషి ఉన్నాడు, ఇంకోదాంట్లో లేడు అని యెరూషలేములోనే నిలబడి చెప్పాడు.

మూడో రోజు గురించి లేఖనం ఎక్కడుందన్న ప్రశ్న ఈ జిల్లాల్లో బైబిలు తరగతుల్లోనూ తరచూ వస్తుంది. సూటిగా మెస్సీయ మూడో రోజు లేస్తాడు అనే వచనం పాత నిబంధనలో లేదు. రెండు రోజుల తర్వాత బతికిస్తాడు, మూడో రోజున లేపుతాడు అనే హోషేయ 6:2 ఉంది, అది జనాన్ని ఉద్దేశించిన మాట. యోనా చేప కడుపులో ఉన్న మూడు రోజులను యేసే తనకు చెప్పుకున్నట్టు మత్తయి 12:40లో ఉంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం ఉదయానికి మూడు పగళ్ళూ మూడు రాత్రులూ కావన్న ఇబ్బందికి జవాబు యూదుల లెక్కలో ఉంది. వాళ్ళు రోజులో కొంత భాగాన్ని కూడా రోజుగానే లెక్కించేవాళ్ళు. మూడు రోజులు పగలూ రాత్రీ ఉపవాసమని చెప్పిన ఎస్తేరు మూడో రోజునే రాజు ముందు నిలబడింది.

పౌలు ఈ సమాధిని విశ్వాసి దేహం మీదికి తెచ్చింది రోమా 6లో. బాప్తిస్మంలో మనం ఆయనతో కూడా పాతిపెట్టబడ్డాం, ఆయన లేపబడినట్టే మనమూ కొత్త జీవంలో నడవాలి అంటాడు. కొలస్సయి 2:12లోనూ ఇదే. నీళ్ళలో పూర్తిగా ముంచడం మీద బాప్టిస్టులు పట్టుబట్టడానికి ఆధారం ఇది. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు వేళ్ళూనిన లూథరన్లు పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇస్తారు, ముంచాలన్న పట్టుదల వాళ్ళకు లేదు. అయినా లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో బాప్తిస్మానికి అర్థం చెప్పేటప్పుడు చూపించింది ఇదే రోమా 6:4.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. మొదటి పాతికేళ్ళూ విశ్వాసులు చాలా తక్కువ. మిషన్ మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండు సార్లు వచ్చింది. 1866లో ఆ మిషన్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే ఏడు ఒంగోలుకు పడమటి పల్లెల నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి బాప్తిస్మం పొందాడు. అంతకుముందు ఆయన గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు. దేహం నుంచి ఆత్మకు విడుదల వెతికిన సాధకుడు, దేహమే లేపబడుతుందన్న వార్త పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా లక్షల మంది చనిపోయారు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇప్పించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయాక, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్ళలో దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ ముంచారు.

ఈ సంఖ్యను మిషన్ విజయంగా చెప్పుకోవడం అలవాటు. దానికన్నా ఆ మనుషులు అంతకుముందు రెండేళ్ళు ఏం చూశారన్నది ఎక్కువ ఆలోచించాలి. ఇంట్లో చావు, వీధిలో చావు, కలరా, కాటిదాకా మోసే సత్తువ లేని బంధువులు. అలాంటి రెండేళ్ళ తర్వాత, నువ్వు క్రీస్తుతో పాటు ఒకసారి పాతిపెట్టబడి పైకి లేస్తావు అని చెప్పి, నీళ్ళలో వెనక్కి పడుకోబెట్టి, చేయి పట్టి లేపితే, రోమా 6 వాళ్ళకు వేదాంతంగా కాక జరిగిన సంగతిగా అందింది. అంటరానివాడని ఎవరూ ముట్టని దేహాన్ని ఒక మనిషి రెండు చేతులతో పట్టుకుని ముంచి లేపడం కూడా అందులో భాగమే.

పునరుత్థానాన్ని ఈ వెలుగులో చదివితే అది ఆత్మ అమరం అన్న బోధకు మరో పేరు కాదని తేలుతుంది. లాజరు బతికి వచ్చాడు గానీ మళ్ళీ చావాల్సినవాడే. క్రీస్తు లేచింది ఇక చావు లేని దేహంతో. ఆ దేహానికి గాయాలున్నాయి, ఆయన చేప తిన్నాడు, అయినా తలుపులు మూసిన గదిలో వచ్చి నిలబడ్డాడు. సువార్తలు ఈ రెంటినీ విడదీయవు. మొదటి సాక్షులు ఆడవాళ్ళు. ఆనాటి సమాజం వాళ్ళ సాక్ష్యానికి పెద్ద విలువ ఇచ్చేది కాదు, అపొస్తలులు కూడా నమ్మలేదని లూకా దాచకుండా రాశాడు. కల్పించి రాసేవాళ్ళయితే ఈ సాక్షులను ఎంచుకోరు. మార్కు 16:8లో ఆ ఆడవాళ్ళు భయంతో పారిపోయి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న దగ్గరే పాత ప్రతులు ఆగిపోతాయి. క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థం, మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు అని పౌలు అనడం గమనించాలి. బలి ఒక్కటే చాలు అనుకునేవాళ్ళకు ఈ వచనం మింగుడుపడదు. ఆయన దృష్టిలో లేపబడని బలి పాపాన్ని తీసేయలేదు.

భూస్థాపన దగ్గరే ఈ బోధ అందరికీ పరీక్షకు వస్తుంది. ప్రభువునందు నిద్రించారు, మహిమలోకి పిలువబడ్డారు అని ఫ్లెక్సీల మీద వేయిస్తారు. పాస్టరుగారు మట్టి వేసేటప్పుడు 1 కొరింథీ 15, 1 థెస్సలొనీక 4 చదువుతారు. ఆదరణ కూడికలో మాత్రం ఆత్మ పరలోకం చేరిందన్న దగ్గరే మాట ఆగిపోతుంది. వెడలిపోయి క్రీస్తుతో ఉండాలని పౌలు ఫిలిప్పీ 1:23లో కోరుకున్నాడు కాబట్టి అది తప్పు కాదు. కానీ చివరి నిరీక్షణ అది కాదు. విత్తిన గింజలాగా, క్షయమైన శరీరం అక్షయంగా లేవడం చివరిది. క్రీస్తు ప్రథమఫలం, మిగతా పంట వెనక వస్తుంది. పూడ్చడం ఈ నేలకు క్రైస్తవం తెచ్చిన ఆచారం కాదు, చాలా కులాలు ముందు నుంచీ పూడుస్తున్నాయి. మారింది ఆ గుంత గురించిన లెక్క. ఈస్టర్‌కు ముందు గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి అక్కడే పాటలు పాడే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. మందిరంలో చోటు లేని ఆ శనివారం నిజానికి అక్కడ, సున్నం బకెట్ పట్టుకున్న కుటుంబాల చేతుల్లో ఉంది.

అందుకే సమాధుల స్థలం సమస్యను కేవలం భూమి తగాదాగా చూడలేం. దళిత క్రైస్తవుల సమాధులు వాగు గట్టునో, చెరువు పోరంబోకులోనో ఉన్న పల్లెల్లో ఆక్రమణ వచ్చినా, రోడ్డు వచ్చినా ముందు పోయేది అవే. ఒంగోలు, నెల్లూరు లాంటి పట్టణాల్లో పాత సమాధి తోటల్లో చోటు చాలక, తాతను పూడ్చిన గుంతలోనే మనవణ్ణి పూడ్చే పరిస్థితి వస్తే కొందరు దహనం గురించి అడుగుతున్నారు. కాథలిక్ సంఘం 1963లో దహనానికి అనుమతి ఇచ్చింది. అస్థికలను చల్లకుండా పవిత్రమైన చోట ఉంచాలని 2016లో స్పష్టం చేసింది. బాప్టిస్టులకూ స్వతంత్ర సంఘాలకూ అలా చెప్పే కేంద్రం లేదు, ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకోవాలి. తేల్చుకునేటప్పుడు లేఖనం ఒక హద్దు మాత్రం గీసింది. పూడ్చడం పునరుత్థానానికి షరతు కాదు. వేటకు వెళ్ళి తిరిగిరాని మనుషులున్న తీరం ఇది. సముద్రం కూడా తనలో ఉన్న మృతులను అప్పగిస్తుందని ప్రకటన 20:13లో ఉంది.